ఎస్ఏ-1 (అర్ధ సంవత్సరపు పరీక్ష) ముగిసింది. మా ఉన్నత పాఠశాల నిజంగా మెరుగుపడిందో లేదో ఎలా తెలుసుకోవాలి, నివేదికలో ఏం రాయాలి?

మేడం గారూ, మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఈ జూన్‌లో ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చారు. ఎస్ఏ-1 పరీక్షలు అయిపోయాయి, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడమూ పూర్తయింది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ (బడి పనులు చూసే మహిళల కమిటీ) సభ్యుల ముందు, ఈ అర్ధ సంవత్సరంలో బడి ఏం సాధించిందో, బోధనలోనూ పిల్లల బాగోగుల్లోనూ ఏ మార్పు వచ్చిందో చెప్పాలి. తరగతుల సగటు మార్కులు పెరిగినట్టు కనిపిస్తున్నా, బడి మెరుగుపడిందన్న నమ్మకం మీకే కలగడం లేదు.

సూటిగా చెబుతాను: సగటు మార్కుల మీద నివేదిక కట్టవద్దు. మూడు సంగతులు రాయండి. జూన్‌లో చదవలేకపోయిన పిల్లల్లో ఎందరు ఇప్పుడు చదువుతున్నారు? జూలైలో క్రమంగా వచ్చిన పిల్లల్లో ఎవరెవరు ఇప్పుడు రావడం లేదు, ఎందుకు? తనకు కష్టం వస్తే ఈ బడిలో ఫలానా వారితో చెప్పుకోగలనని ఎందరు పిల్లలు అనుకుంటున్నారు? ఈ మూడింటికీ అంకెలతో జవాబు చెప్పగలిగితే మీ నివేదిక ఒక పేజీ అయినా నిలబడుతుంది. తరగతిలో అందరికన్నా వెనుక ఉన్న పిల్లవాడు ముందుకు కదిలాడా అన్నదే బడి మెరుగుపడిందనడానికి గుర్తు. ముందున్న పిల్లలు మనం కొంత తక్కువ చేసినా ఎలాగోలా నడిచిపోతారు.

నేను ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఉన్నత పాఠశాలల్లో గణితం స్కూల్ అసిస్టెంటుగానూ, ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడిగానూ పనిచేసి పదవీ విరమణ చేశాను. కింద రాసినవన్నీ ఆ బడుల్లో చేసి చూసినవే.

ముందు సగటు సంగతి. తొమ్మిదో తరగతిలో 40 మంది పిల్లలున్నారని, వారి సగటు 42 మార్కులని అనుకుందాం. దసరా సెలవుల తర్వాత, 15 మార్కుల దగ్గర ఉండే ఆరుగురు పిల్లలు తల్లిదండ్రుల వెంట పనులకు వెళ్లి పరీక్ష రాయలేదు. మిగిలిన 34 మందిలో ఏ ఒక్కరికీ ఒక్క మార్కు కూడా పెరగకపోయినా తరగతి సగటు దాదాపు 47కు చేరుతుంది. కాగితం మీద అది ప్రగతి. బడిలో జరిగింది ఆరుగురు పిల్లలు చేజారడం. మన ప్రాంతంలో దసరా దాటాక వలసలు మొదలవుతాయి, పత్తి ఏరడం ఊపందుకుంటుంది, ఎస్ఏ-1 కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తోంది. కాబట్టి మీ పాఠశాల సగటు పెరిగిందంటే మొదట చూడవలసింది పరీక్ష రాయని పిల్లల జాబితా. రెండు పరీక్షలూ రాసిన పిల్లల మార్కులను మాత్రమే పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఎఫ్ఏ, అంటే మధ్యమధ్యలో తరగతిలోనే జరిపే మూల్యాంకనం, 20 మార్కులకు జరుగుతుంది. అందులో భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని కలిపి 15 మార్కులు ఆ విషయం చెప్పే ఉపాధ్యాయుడు తన పరిశీలన మీద వేస్తారు. స్లిప్ టెస్టుకు, అంటే చిన్న రాత పరీక్షకు, 5 మార్కులు. ఎస్ఏ 80 మార్కుల ప్రశ్నపత్రం. కొలిచే తీరే వేరైనప్పుడు ఎఫ్ఏ-1 శాతం పక్కన ఎస్ఏ-1 శాతం పెట్టి పెరిగిందనీ తగ్గిందనీ చెప్పడం కుదరదు. పోల్చాలంటే ఒకే సాధనంతో రెండుసార్లు కొలవాలి.

చదవగలగడాన్ని విడిగా, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూడండి. ఇది తప్ప మరో దారి లేదు. వరండాలో రెండు కుర్చీలు వేసుకుని, పిల్లలు ఇంతకుముందు చూడని ఒక చిన్న పేరా, మూడో తరగతి స్థాయికి మించనిది, చేతికిచ్చి చదవమనండి. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు చాలు. పిల్లల చదువు స్థాయిని ఊరూరా తిరిగి కొలిచే అసర్ సర్వే వారు అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అనే మెట్లు పెట్టుకుంటారు. తెలుగు విషయంలో నేను పదాల మెట్టును రెండుగా విడగొట్టేవాణ్ణి: గుణింతాలతో కూడిన పదాలు ఒకటి, ఒత్తులున్న పదాలు మరొకటి. మన పిల్లల్లో ఎక్కువ మంది ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

దేవరకొండ వైపు ఒక బడిలో ఏడో తరగతి అబ్బాయి నోట్సు చూస్తే ముచ్చటేసేది. కొట్టివేతలు లేవు, మార్జిన్ దాటిన అక్షరం లేదు, ప్రతి పేజీలోనూ ఎర్ర టిక్కు ఉంది. ఆ నోట్సులోంచే నాలుగు వరుసలు చదవమంటే మొదటి రెండు మాటలు జ్ఞాపకం మీద చెప్పి, ఆ తర్వాత వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాడు. ‘కష్టం’ అన్న మాటను ‘కషటం’ అన్నాడు, ‘విద్యార్థి’ దగ్గర పూర్తిగా ఆగిపోయాడు. నల్లబల్ల మీద ఉన్నదాన్ని బొమ్మ గీసినట్టు దించుకోవడంలో ఆ పిల్లవాడు ఎంతో నేర్పు సంపాదించాడు. అతనికి అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు. మళ్లీ ‘అ, ఆ’ల నుంచి మొదలుపెడితే అతనికి అవమానంగా ఉంటుంది, కాలమూ వృథా అవుతుంది. ఒత్తుల మీద కొన్ని వారాలు గట్టిగా పనిచేయిస్తే చాలు. ఆరు, ఏడు తరగతుల్లో అదే మెట్టు మీద ఉన్న పిల్లలందరినీ రోజూ ఒక పీరియడ్ ఒకే గదిలో కూర్చోబెట్టి చేయించాం. వారిలో చాలామంది సంక్రాంతి నాటికి పేరా చదివే మెట్టుకు వచ్చారు. ఒక్కొక్క పిల్లవాడు ఎక్కడ ఆగాడో తెలియకుండా ‘స్లో లర్నర్లు’ అని ఒక జాబితా రాసి అందరికీ ఒకే వర్క్‌షీట్ ఇస్తే ఫలితం ఉండదు.

తండాల నుంచి వచ్చే పిల్లల విషయం కొంత వేరు. ఇంట్లో గోర్ బోలి (లంబాడీల భాష) మాట్లాడే పిల్లలు పేరా గడగడా చదివేసి కూడా అందులో ఏముందో చెప్పలేకపోవచ్చు. వారికి కావలసింది మరింత చదివించడం కాదు, ముందు ఆ సంగతి గురించి మాట్లాడించడం. అందుకని చదివించిన తర్వాత ‘ఇందులో ఏం జరిగింది?’ అని ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి, దాని జవాబును మరో గడిలో నమోదు చేయండి. 2022-23 నుంచి పాఠ్యపుస్తకాలు ద్విభాషా పుస్తకాలయ్యాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్. తెలుగు పేజీ చదవలేని ఆరో తరగతి పిల్లవాడికి ఇంగ్లిష్ పేజీ వివరించడం మొదలుపెడితే అతను రెండింటికీ దూరమవుతాడు. తెలుగు పేజీతో భావం అందించి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేజీలోకి తీసుకువెళ్లమని మీ సైన్సు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులకు చెప్పండి. ఇంగ్లిష్ మీడియం పేరు చెడుతుందని కొందరు జంకుతారు, కానీ పిల్లవాడికి పాఠం అర్థం కావడమే మొదటి అవసరం.

గణితంలో నేను ఎప్పుడూ వాడిన లెక్క ఒకటి చెబుతాను. 403లోంచి 167 తీసివేయమనండి. 236 అని రాసినవారు సరే. కొందరు 364 అని రాస్తారు. ఆ జవాబును తప్పు అని కొట్టేసి వదలవద్దు; ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసివేశారని, అంటే 7లోంచి 3, 6లోంచి 0, 4లోంచి 1 తీసి రాశారని ఆ జవాబే చెబుతోంది. ఆ పిల్లలకు పట్టుబడనిది తీసివేత కాదు, స్థాన విలువ. పుల్లల కట్టలతోనో, పది రూపాయల, వంద రూపాయల నోట్ల నమూనాలతోనో రెండు మూడు రోజులు చేయిస్తే సర్దుకుంటుంది. అది సర్దుకోకుండా ఎనిమిదో తరగతిలో బీజగణితం చెప్పినా ఏమీ ఎక్కదు. ప్రతి విషయంలోనూ ఇలాంటి ఒకటి రెండు ప్రశ్నలు ఎంచుకుని, జూన్‌లోనూ నవంబర్‌లోనూ ఫిబ్రవరిలోనూ అవే తరహాలో ఇచ్చి చూస్తే, మీ ఉపాధ్యాయుల బోధన ఎక్కడ పనిచేసిందో మీకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

మీరు జూన్‌లో ఇలా చూసి ఉండకపోతే దిగులు పడవద్దు. వెనుకబడిన పిల్లల చదువు మెరుగుపరిచే ‘ఉన్నతి’ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద 6 నుంచి 9 తరగతులకు జరిపిన ప్రారంభ పరీక్ష పత్రాలు బీరువాలో ఉంటే బయటకు తీయండి. అవీ లేకపోతే ఇప్పుడు, నవంబర్‌లోనే మొదటి కొలత తీసుకుని, ‘ఇది మా ప్రారంభ స్థాయి’ అని నివేదికలో రాయండి. జూన్ అంకెలను ఊహించి రాయడం మాత్రం వద్దు.

ఇక బోధన. చాలా నివేదికల్లో ‘డిజిటల్ బోధన జరిగింది, టీఎల్ఎం (బోధనోపకరణాలు) వాడారు, ప్రయోగాలు చేయించారు’ అని ఉంటుంది. అవన్నీ మంచివే, కానీ అవి ఉపాధ్యాయుడు చేసిన పనులు. పిల్లవాడికి ఏం అందిందో వాటి వల్ల తెలియదు. నేను తరగతి పరిశీలనకు వెళ్లినప్పుడు తీసుకువెళ్లినది ఒక కాగితం మాత్రమే, దాని మీద పిల్లలు కూర్చున్న వరుసల గళ్లు. టీచర్ ఎవరిని ప్రశ్న అడిగితే ఆ గడిలో ఒక చుక్క, ఆ పిల్లవాడు నోరు విప్పి జవాబు చెబితే ఇంకొక చుక్క. పీరియడ్ అయ్యేసరికి చుక్కలన్నీ ముందు రెండు వరుసల్లో అయిదారుగురి దగ్గరే పోగుపడేవి. ఆ కాగితాన్ని స్టాఫ్ మీటింగులో చూపించకూడదు. ఆ ఉపాధ్యాయుడికి విడిగా, సాయంత్రం వేళ, ఏ వ్యాఖ్యా చేయకుండా చేతికివ్వాలి. ఇరవై ఏళ్ల అనుభవమున్న సీనియర్లు కూడా దాన్ని చూసి ఆలోచనలో పడటం నేను చూశాను. రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే, చుక్కలు వెనుక వరుసలకు పాకి ఉండేవి. బోధనలో మార్పు అంటే నేను దీన్నే మొదట లెక్కిస్తాను. ఇన్‌చార్జిగా ఉన్న మీరు మీకన్నా సీనియర్ల తరగతికి వెళ్లడం ఇబ్బందిగా అనిపిస్తే, ముందు మీ తరగతికి వారిని పిలిచి, మీ మీదే ఆ గళ్ల కాగితం నింపమనండి. ఆ తర్వాత వారే పిలుస్తారు.

అయితే నోరు విప్పని ప్రతి పిల్లవాడూ రానివాడు కాదు. మర్రిగూడ ప్రాంతపు ఒక పిల్లవాడిని తెలుగు పండితులు చదవమంటే ఎప్పుడూ తలవంచుకుని నిలబడేవాడు, చదవలేని వారి జాబితాలో అతని పేరు చేరింది. వరండాలో ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే ఆ పేరా తడుముకోకుండా చదివాడు, కాకపోతే చదివినంతసేపూ అరచేయి నోటికి అడ్డంగానే ఉంది. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద గోధుమ రంగు చారలు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లలో ఏళ్ల తరబడి అంతకు ఎంతో మించి ఉండేది. పళ్లు రూపుదిద్దుకునే చిన్న వయసులో ఆ నీళ్లు తాగితే పడే మరకలు, తర్వాత మంచి నీళ్లు తాగినా పోవు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పెరుగుతున్న చిన్న పిల్లల్లో ఈ బాధ తగ్గుతున్నా, పై తరగతుల్లో అలాంటి పిల్లలు మిగిలే ఉన్నారు. ఆ అబ్బాయికి కావలసింది రెమెడియల్ క్లాసు కాదు; జంటగా చదివే అవకాశం, తోటి పిల్లలు ఎగతాళి చేయకుండా చూసే ఒక టీచర్. బోధననూ పిల్లల బాగోగులనూ నివేదికలో వేరువేరు శీర్షికల కింద రాస్తాం గానీ, పిల్లవాడి విషయంలో రెండూ ఒకటే.

హాజరును శాతాల్లో కాదు, పేర్లతో చూడండి. ముఖ గుర్తింపు యాప్‌లో హాజరు పడుతోంది కాబట్టి పాఠశాల శాతం రోజూ మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. 85 శాతం హాజరు అంటే పిల్లలందరూ అప్పుడప్పుడు మానేస్తున్నారని అర్థం కావచ్చు, కొందరు పిల్లలు అసలు రావడమే మానేశారని కావచ్చు. రెండింటికీ మందు వేరు. నెలాఖరున క్లాస్ టీచర్లు తమ తరగతిలో అయిదు రోజులకు మించి రాని పిల్లల పేర్లు, వాటి పక్కన కారణం రాసి ఇవ్వాలి. ‘అనారోగ్యం’, ‘ఊరికి వెళ్లారు’ అన్న మాటలను కారణాలుగా ఒప్పుకోవద్దు. ఎవరికి అనారోగ్యం, ఏ ఊరు, ఎవరితో అని తెలియాలి.

కారణాలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. గద్వాల, గట్టు, మల్దకల్ వైపు విత్తన పత్తి చేలల్లో వానాకాలం చివర క్రాసింగ్ (చేత్తో పువ్వులకు పరాగ సంపర్కం చేసే) పనులుంటాయి. చిన్న వేళ్లు పువ్వుకు దెబ్బ తగలకుండా చేస్తాయని చెప్పి పిల్లలను తీసుకుపోతారు. మిగతా చోట్ల పత్తి ఏరడం. నారాయణపేట, మక్తల్, కోయిలకొండ వైపు ముంబై, పుణె, హైదరాబాదు వలసలు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్న తర్వాత తల్లిదండ్రులను ఒప్పించడం దాదాపు అసాధ్యం. ఇంటికి వెళ్లి మాట్లాడవలసింది అంతకుముందే. నేను దసరా సెలవులకు ముందు వారంలో క్లాస్ టీచర్లతో వెళ్లేవాణ్ణి. ‘బిడ్డను పంపొద్దు’ అని ఉపన్యాసం చెప్పలేదు. ‘మీరు వెళ్లండి, పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది?’ అని అడిగేవాళ్లం. నాయనమ్మ ఉందంటే ఆమెతో, సీజనల్ హాస్టల్ సౌకర్యం ఉన్నచోట హాస్టల్ వాళ్లతో, ఆడపిల్ల అయితే కస్తూర్బా విద్యాలయంతో మాట్లాడి ఒక దారి కుదిర్చేవాళ్లం. అందరూ ఆగలేదు. ఆగినవారు మాత్రం పదో తరగతి దాకా వచ్చారు. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత సుమారు 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలోకీ అట్టడుగున ఉంది. ఆ అంకె వెనుక ఉన్నది ఇలా ఒక్కొక్క దసరాకు బడి మానేసిన పిల్లలే.

వెళ్లిపోయిన పిల్లవాడి పేరు మాత్రం కొట్టివేయవద్దు. ఉగాదికో, వేసవి మొదట్లోనో తిరిగి వస్తారు. అప్పుడు ‘ఇన్ని రోజులు ఏడికి పోయినవ్?’ అని ప్రార్థనలో అందరి ముందు నిలదీస్తే మర్నాటి నుంచి మళ్లీ రారు. 14 ఏళ్ల లోపు పిల్లలను వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనుకబడిన చదువును ప్రత్యేకంగా నేర్పాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది.

ఆడపిల్లల గైర్హాజరును క్యాలెండర్ మీద పెట్టి చూడండి. ఒకే అమ్మాయి ప్రతి నెలా మూడు నాలుగు రోజులు వరుసగా రాకపోతే, మరుగుదొడ్డి దగ్గరికి మీరు స్వయంగా వెళ్లి చూడాలి. తలుపుకు లోపలి గడియ ఉందా, నీళ్లు లోపలికే వస్తున్నాయా, వాడిన ప్యాడ్ వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా, మధ్యాహ్నం తర్వాత తాళం వేస్తున్నారా? బడుల్లో వసతుల కోసం ప్రభుత్వం తెచ్చిన ‘మన ఊరు – మన బడి’ కింద 2022 నుంచి చేపట్టిన 12 అంశాల్లో నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు కూడా ఒకటి కాబట్టి చాలా బడుల్లో గదులు ఉన్నాయి. లోపించేది గడియ, బకెట్, రోజూ కడిగే మనిషి. నివేదికలో ‘బాలికల మరుగుదొడ్డికి గడియలు పెట్టించాం, నీటి కనెక్షన్ ఇప్పించాం, ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలికల హాజరు ఇలా మారింది’ అని రాయగలిగితే, కమిటీలోని మహిళలకు ఆ ఒక్క వాక్యం మార్కుల పట్టిక కన్నా ఎక్కువ చెబుతుంది.

భోజనం గురించి క్లుప్తంగా. 9, 10 తరగతులకు కూడా మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం ఉంది, అయినా పెద్ద పిల్లల్లో కొందరు సిగ్గుపడి తినరు. ఎందరు తింటున్నారన్నది తరగతి వారీగా చూడండి. వారానికొకసారి ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్రను పరగడుపున ఇస్తే వికారం పుట్టి ఆడపిల్లలు మరోసారి తీసుకోరు. భోజనం అయ్యాకే, టీచర్ ఎదుటే మింగించాలి.

పిల్లల మనసులో ఏముందో తెలుసుకోవడానికి పెద్ద ప్రశ్నావళి అక్కరలేదు. పేరు రాయని చీటీ మీద మూడు ప్రశ్నలు చాలు: ఈ బడిలో నీకు కష్టం వస్తే చెప్పుకోగల పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఈ నెలలో ఎవరైనా నిన్ను కొట్టారా, లేదా అందరి ముందు అవమానించారా? బడికి రావాలంటే భయమేసే సమయం ఏదైనా ఉందా? తరగతి మాత్రమే రాయమని, మడిచి డబ్బాలో వేయమని చెప్పండి. చదవలేని పిల్లలకు ప్రశ్న చదివి వినిపించి, అవును అంటే గుండ్రం, కాదు అంటే అడ్డగీత పెట్టమనండి. మొదటిసారి వచ్చే జవాబులు మనకు నచ్చవు. దండన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధమని తెలిసిన బడుల్లో కూడా రెండో ప్రశ్నకు గుండ్రాలు వస్తాయి. చేతిరాతను బట్టి ఎవరు రాశారో కనిపెట్టే ప్రయత్నం ఎవరినీ చేయనివ్వవద్దు. ఆ పని ఒక్కసారి జరిగితే ఆ డబ్బాలో ఇక నిజం పడదు. మూడు నెలలకోసారి అవే ప్రశ్నలు వేసి, మొదటి ప్రశ్నకు ‘లేరు’ అన్నవారి సంఖ్య తగ్గిందా అని చూడండి. నివేదికలోకి వెళ్లవలసింది ఆ సంఖ్య మాత్రమే, చీటీల్లోని మాటలు కాదు.

ఒక హెచ్చరిక. చీటీల్లోనో, ఎవరైనా అమ్మాయి నోటితోనో లైంగిక వేధింపు సంగతి బయటపడితే, దాన్ని స్టాఫ్ రూమ్‌లో చర్చించి సర్దుబాటు చేసే అధికారం మనకు లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, తెలియజేయకపోవడం నేరం. పదో తరగతి అమ్మాయికి పెళ్లి కుదిరిందని తోటి పిల్లలు గుసగుసలాడుతుంటే ముందు ఆ అమ్మాయితో మహిళా టీచర్ ఏకాంతంగా మాట్లాడాలి, ఆపైన పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాలి. దిగులుతో, నిద్ర లేకుండా ఉన్న పిల్లల కోసం టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 ఉచితంగా, తెలుగులో పలుకుతుంది. ఈ రెండు నంబర్లూ ఆఫీసు గదిలో కాదు, పిల్లలు నీళ్లు తాగే చోట గోడ మీద రాయించండి.

పదో తరగతి గురించి మీరు విడిగా అడగలేదు గానీ, నివేదిక అనగానే అందరి చూపూ అటే పోతుంది కాబట్టి ఒక మాట. నవంబర్ నుంచి స్పెషల్ క్లాసుల పేరుతో మంచి ఉపాధ్యాయులందరినీ పదికే కట్టేసి, ఆరు, ఏడు తరగతులను ఎవరికో అప్పగించే అలవాటు చాలా చోట్ల ఉంది. దాని వల్ల ఈ ఏడు ఫలితం కొంత పెరుగుతుంది, నాలుగేళ్ల తర్వాత వచ్చే పదో తరగతి దెబ్బతింటుంది. రోజులో మొదటి రెండు పీరియడ్లు కింది తరగతులకు మీ బలమైన ఉపాధ్యాయులను ఉంచండి; పదో తరగతి పిల్లలకు సాయంత్రం ఉంది. పదిలో ఉత్తీర్ణత శాతం ముందుగా ప్రకటించవద్దు. ఏ పిల్లవాడు ఏ విషయంలో 35 దాటడం కష్టమో ఆ పేర్ల జాబితా మీ దగ్గర, ఆ టీచర్ దగ్గర ఉంటే చాలు, సమావేశంలో చదవకూడదు.

ఎన్ఎంఎంఎస్‌కు (పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రతిభా ఉపకార వేతనం) ఎందరు దరఖాస్తు చేశారు, ఇన్‌స్పైర్ సైన్సు పోటీకి ఏ ప్రాజెక్టు వెళ్లింది, కబడ్డీ, ఖోఖో జట్లు మండలం దాటి జిల్లాకు వెళ్లాయా వంటివి తప్పక రాయండి. పిల్లల కష్టానికి గుర్తింపు దక్కాలి. ఎన్ఎంఎంఎస్‌లో ఎంపికైన ఎనిమిదో తరగతి పిల్లవాడికి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తుంది, వలస వెళ్లే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అందుకే ఎందరు గెలిచారన్నదాని కన్నా, అర్హత ఉన్న పిల్లలందరితో దరఖాస్తు చేయించామా, ఆదాయ ధ్రువపత్రం లేక ఎవరైనా ఆగిపోయారా అన్నది రాయడం మేలు.

సమావేశంలో నివేదికను చదివి వినిపించండి, కాగితాలు పంచి వదిలేయవద్దు; వచ్చేవారిలో అమ్మమ్మలు, నాయనమ్మలు ఎక్కువ ఉంటారు. పావుగంటకు మించవద్దు. ఏ పిల్లవాడి మార్కులూ పైకి చదవవద్దు. ఆ తర్వాత క్లాస్ టీచర్లు తమ గదుల్లో కూర్చుని, వచ్చిన ప్రతి ఒక్కరికీ తమ బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో చూపించాలి. వీలైతే ఆ పిల్లవాడితోనే అక్కడే నాలుగు వాక్యాలు చదివించాలి. పోయిన నెల చదవలేని తన మనవరాలు తన ముందే చదువుతుంటే విన్న నాయనమ్మకు ఇంకే నివేదికా అక్కరలేదు, పత్తి ఏరడానికి పంపమని ఇంట్లో వాళ్లు అడిగినా ఆమే అడ్డుపడుతుంది.

ఇక నివేదిక చివర, ఈ అర్ధ సంవత్సరంలో కానివి కూడా రాయండి: ఏ తరగతిలో ఎందరు ఇంకా పదాల మెట్టు దగ్గరే ఉన్నారు, ఏ పోస్టు ఖాళీగా ఉంది, ఎందరు పిల్లలు వలసలో ఉన్నారు. ఒక్కొక్కదాని పక్కన బాధ్యత తీసుకున్న ఉపాధ్యాయుడి పేరు, మళ్లీ చూసే తేదీ ఉండాలి. చదువు కొలతకు సంక్రాంతి సెలవుల తర్వాతి వారం పెట్టుకోండి. వలస వెళ్లిన ఇళ్లలో కొందరు పండుగకు ఊరికి వస్తారు కాబట్టి ఆ పిల్లలను కలుసుకునే వీలు కూడా అప్పుడే ఉంటుంది. నవంబర్‌లో వాడిన పేరా ఆనాటికి పిల్లల నోళ్లలో నానిపోయి ఉంటుంది గనుక, అదే స్థాయిలో కొత్త పేరా ఇప్పుడే రాయించి బీరువాలో పెట్టి తాళం వేయండి.